గ్లూటెన్ లేని వంటిల్లు, గ్లూటెన్ లేని పిల్లల బల్ల (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఒక పని స్టార్ట్ చేసేస్తా, ఎందుకంటే ఇది చల్లారడానికి టైమ్ పడుతుంది, మనం కబుర్లు చెప్పుకునేలోపు అదే చల్లారుతుంది. ఈ గిన్నెలో రెండు కప్పుల వంటసోడా వేస్తున్నా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒకటింపావు కప్పు నీళ్ళు. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి మెత్తటి పిండి అండి, పసుప్పచ్చగా ఉండే మొక్కజొన్న పిండి కాదు, ఈ రెండూ మార్చేస్తే మొత్తం చెడుతుంది. ముందు ఉండల్లేకుండా కలిపేసి అప్పుడు స్టవ్ మీద పెట్టాలి, మీడియం మంట, గరిటె ఆపకూడదు. మొదట ఏమీ అవ్వట్లేదు అనిపిస్తుంది, తర్వాత బుడగలొస్తాయి, తర్వాత ఉన్నట్టుండి దగ్గరపడిపోతుంది, ఉడికించి మెదిపిన బంగాళాదుంపలాగా. ఇదిగో, అయిపోవస్తోంది. ఇప్పుడు దించేసి తడిబట్ట కప్పి పక్కన పెడుతున్నా. ఇది తినేది కాదండోయ్, ముందే చెప్తున్నా. దీంతో ఏం చేస్తామో చివర్లో.

నేనెందుకు ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నానో చెప్పాలి కదా. మా పాపకి ఐదో ఏట సీలియాక్ అని తేలింది, గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు అది. అంతకు ముందు ఏడాదిన్నర పాటు పొట్ట ఉబ్బడం, విరేచనాలు, ఎత్తు పెరగకపోవడం, ఎప్పుడు చూసినా నీరసం, ఒక్కో డాక్టరు ఒక్కోటి చెప్పారు, నేను ఒక్కో మందు వేశాను. చివరికి రక్తపరీక్ష చేసి తర్వాత ఎండోస్కోపీ చేసి చెప్పారు, ఇక గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం, గ్లూటెన్ ఉండే ఈ మూడూ జీవితాంతం లేవని. నేను ఇంటికొచ్చి ఒక్క రోజులో వంటగది మొత్తం ఖాళీ చేశా. డబ్బాలు కడిగా, జల్లెడ మార్చా, చెక్క గరిటెలు మార్చా. ఆరు నెలల తర్వాత మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే జబ్బు ఎలా ఉందో చూపే నంబర్ తగ్గింది కానీ తగ్గాల్సినంత తగ్గలేదు. నేను కూర్చుని ఏడ్చానండి, ఎందుకంటే వంటలో నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. అప్పుడు డైటీషియన్ ఒక్క ప్రశ్న అడిగింది, "పాప రోజంతా చేతుల్తో ఏం ముట్టుకుంటుందో ఒక వారం రాయండి" అని.

రాశాను. మూడో రోజుకే అర్థమైపోయింది. పొయ్యి దగ్గర్నించి నాలుగడుగుల దూరంలో పిల్లల బల్ల ఉంటుంది మా ఇంట్లో, దాని మీద బొమ్మలు చేసుకోవడానికి నేను చేసిచ్చిన ఉప్పుపిండి ముద్ద, మైదాతో. కాగితాలు అతికించుకోవడానికి నేనే కాచిచ్చిన బంక, అదీ మైదాతో. పాప గోళ్ళ నిండా మైదా, ఆ వేళ్ళు నోట్లో. అదొక్కటే కారణమని నేను గట్టిగా చెప్పలేను, కానీ బల్ల మీద ఉన్నవన్నీ మార్చాక తర్వాతి పరీక్షలో నంబర్ దిగింది. అప్పట్నించీ నాకు వంట వేరు, చేతిపనులు వేరు అని లేదు. రెండూ ఒకే పిండి డబ్బాల్లోంచి వస్తాయి, రెంటికీ ఒకే రూలు.

సరే, అసలు గ్లూటెన్ అంటే ఏంటి. అది లాటిన్ మాట, అర్థం జిగురు, బంక, అంతే. ఇటలీలో బొలోన్యా ఊళ్ళో బెక్కారి అని ఒక పండితుడు ఉండేవారు, ఆయన 1728లో దీని గురించి మాట్లాడారు, 1745లో అచ్చయింది. ఆయన చేసింది చాలా సింపుల్, గోధుమ పిండి ముద్దని నీళ్ళలో పిసుకుతూ కడగడం. తెల్లటి నీళ్ళు పోతూ ఉంటాయి, అది పిండి పదార్థం, అంటే స్టార్చ్. ఎంత కడిగినా పోకుండా చేతిలో మిగిలేది ఒక రబ్బరు ముద్ద, లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి పోతుంది, అదే గ్లూటెన్. గోధుమలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అని రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి, నీళ్ళు తగిలి పిసికేసరికి ఈ రెండూ పెనవేసుకుని వల లాగా తయారవుతాయి. ఈస్ట్ వదిలే గాలి ఆ వలలో చిక్కుకుంటుంది, అందుకే బ్రెడ్ పొంగుతుంది.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి, ఈ రోజు నేను చెప్పేవన్నీ దీని మీదే నడుస్తాయి. పిండిని సాగేలా చేసే జిగురు గ్లూటెన్. కానీ కాగితాన్ని కాగితానికి అతికించే జిగురు మాత్రం గ్లూటెన్ కాదు, అది స్టార్చ్. మైదా బంక కాచినప్పుడు చిక్కబడేది స్టార్చే. పాత పుస్తకాలు బాగుచేసేవాళ్ళు గోధుమలోంచి గ్లూటెన్ తీసేసి మిగిలిన స్టార్చ్‌తోనే బంక కాచుకుంటారు, వాళ్ళకి గ్లూటెన్ అక్కర్లేదు. అంటే బ్రెడ్‌లోంచి గ్లూటెన్ తీసేస్తే నిజంగానే ఒకటి పోతుంది, దాని బదులు ఇంకోటి వెతుక్కోవాలి. బల్ల మీద బంకలోంచి తీసేస్తే ఏమీ పోదు. అయినా మనం చేతిపనులన్నిటికీ మైదానే వాడతాం, డబ్బాలో దగ్గరగా ఉంటుంది కాబట్టి.

ఇంకో రెండు ముక్కలు చెప్పి వంటలోకి వెళ్దాం. సీలియాక్ ప్రపంచంలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలీదు. ఇది ఎలర్జీ కాదు, గ్లూటెన్ తగిలినప్పుడు శరీరం తన చిన్నపేగు గోడ మీదే తిరగబడటం. గోధుమకీ దీనికీ సంబంధం ఉందని రుజువు చేసింది నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు విల్లెమ్ డికే. ఆయన 1930ల నుంచే గోధుమ మాన్పించి చూస్తున్నారు. తర్వాత 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది, బ్రెడ్ దొరకలేదు, ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు, మళ్ళీ బ్రెడ్ రాగానే జబ్బు తిరగబెట్టింది. ఆయన 1950లో దీని మీద థీసిస్ రాశారు. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ తల్లులే గుర్తొస్తారండి, తిండి దొరికిందని సంతోషంగా పిల్లలకి బ్రెడ్ పెట్టి ఉంటారు కదా.

మీలో ఎవరికైనా అనుమానం ఉంటే దయచేసి ముందే గోధుమ మానేయకండి. పరీక్షలో చూసేది సీలియాక్ ఉన్నవాళ్ళు గ్లూటెన్ తిన్నప్పుడు శరీరం తయారు చేసే యాంటీబాడీలు అనే ప్రోటీన్లని, మీరు రెండు మూడు నెలలు మానేసి వెళ్తే అవి తగ్గిపోయి రిపోర్ట్ నార్మల్ అని రావచ్చు. ముందు టెస్ట్, తర్వాతే మానడం.

కొలత ఎంత చిన్నదో కూడా చెప్తా. గ్లూటెన్ ఫ్రీ అని లేబుల్ వేయాలంటే చాలా దేశాల్లో 20 పీపీఎం లోపు ఉండాలి, అంటే కేజీకి 20 మిల్లీగ్రాములు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో సీలియాక్ ఉన్నవాళ్ళకి రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలిస్తే పేగు దెబ్బతినడం కనిపించింది. మామూలు బ్రెడ్ ముక్క ఒక్కదాంట్లోనే రెండు గ్రాముల దాకా ఉంటుంది. ఆ 50 మిల్లీగ్రాములంటే ఒక ముక్కని నలభై తుంపులు చేస్తే అందులో ఒక తుంపు అన్నమాట. గోళ్ళలో ఇరుక్కున్న పిండిని నేను ఎందుకంత పట్టించుకుంటానో ఇప్పుడు మీకు తెలిసుంటుంది.

వంటలోకి వద్దాం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరూ చేసే పని, నేనూ చేసిందే, మొదటి రోజే బ్రెడ్ చేయబోవడం. అది అన్నిటికంటే కష్టమైంది అండి. ఇటుకలాంటిది వస్తుంది, పిల్లలు తినరు, మనకి ఏడుపొస్తుంది. ముందు అసలు గ్లూటెన్‌తో పనే లేని వాటితో మొదలుపెట్టండి. అన్నం, పప్పులు, గుడ్లు, పాలు, కూరగాయలు, పళ్ళు, మాంసం, చేపలు, గింజలు, వీటిలో సహజంగా గ్లూటెన్ లేదు. జొన్నలు, సజ్జలు, రాగులు, మొక్కజొన్న, కినోవా, ఇవీ లేవు. బక్‌వీట్ పేరులో వీట్ ఉంది కానీ అది గోధుమ కాదు. రవ్వ, సేమియా మాత్రం ప్యాకెట్ చూడాలి, ఎక్కువ గోధుమవే ఉంటాయి. ఓట్స్‌లో గ్లూటెన్ ఉండదు కానీ పొలంలో, మిల్లులో గోధుమతో కలిసిపోతాయి కాబట్టి గ్లూటెన్ ఫ్రీ అని రాసున్న ప్యాకెట్టే కొనాలి, అవి కూడా కొందరికి పడవు, డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. దాక్కుని ఉండేవి ఇంకా ఉన్నాయి, సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, మాల్ట్ అని ఎక్కడ రాసున్నా దాదాపు బార్లీనే, కొన్ని బేకింగ్ పౌడర్లలో గోధుమ స్టార్చ్ కలుపుతారు.

పిల్లలతో మొదటి రోజు చేయడానికి నేను ఎప్పుడూ చెప్పేది వేరుశనగ బిస్కెట్లు. వేరుశనగ బటర్ ఒక కప్పు, పంచదార ఒక కప్పు, నేను ముప్పావు కప్పే వేస్తా, ఒక గుడ్డు, అంతే. పిండే లేదు. బాగా కలిపి చిన్న చిన్న ఉండలు చేసి ఫోర్క్‌తో నొక్కి 175 డిగ్రీల ఓవెన్‌లో పది పన్నెండు నిమిషాలు. బయటికి తీయగానే మెత్తగా ఉంటాయి, ముట్టుకుంటే విరిగిపోతాయి, ట్రే మీదే పూర్తిగా చల్లారనివ్వండి, అప్పుడు గట్టిపడతాయి. ఇక్కడ పట్టి ఉంచేది గుడ్డులో ప్రోటీన్. వేరుశనగ పడని పిల్లలుంటే పొద్దుతిరుగుడు గింజల బటర్‌తో చేయొచ్చు. కానీ ఒక మాట, దాంట్లో వంటసోడా వేస్తే చల్లారాక లోపల ఆకుపచ్చగా మారుతుంది! బూజు అనుకుని పారేయకండి, ఆ గింజల్లో క్లోరోజెనిక్ యాసిడ్ అని ఒకటి ఉంటుంది, సోడా తగిలితే ఆ రంగొస్తుంది, తినొచ్చు. మా పాప కావాలనే సోడా వేయించుకుంటుంది ఆ రంగు కోసం.

రెండోది శనగపిండి అట్టు. శనగపిండి ఒక కప్పు, నీళ్ళు ఒక కప్పు, ఉప్పు, రెండు స్పూన్ల నూనె, కలిపి కనీసం అరగంట వదిలేయండి, ఆ అరగంట మానకూడదు, నానకపోతే పచ్చివాసన వస్తుంది. మందపాటి పెనం బాగా వేడెక్కాక నూనె వేసి పోసి, అంచులు ఎర్రబడ్డాక తిప్పండి. దాని మీద ఏం కావాలంటే అది పెట్టుకోవచ్చు, పిజ్జాలాగా కూరగాయలు పరచినా బావుంటుంది. శనగపిండి మాత్రం మిల్లులో గోధుమతో కలవనిది చూసుకోవాలి, అదొక్కటే.

ఇక బ్రెడ్. దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే ఇంట్లో అందరూ బ్రెడ్ తింటుంటే పిల్లలు పక్కనుంచి చూస్తారు చూడండి, ఆ చూపు నేను చూశాను. మనం పోగొట్టుకున్నది సాగే వల అనుకున్నాం కదా, దానికి బదులు ఏది? రెండున్నాయి. ఒకటి జాంథన్ గమ్, అది ఒక రకం బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసే జిగురు పొడి, కేకులకీ బిస్కెట్లకీ కప్పు పిండికి పావు టీస్పూన్ చాలు, ఎక్కువైతే జిడ్డుగా సాగుతుంది. రెండోది ఇసబ్గోల్ పొట్టు, నాకు బ్రెడ్‌కి ఇదే ఇష్టం. నీళ్ళు తగిలితే జెల్లీ అయిపోతుంది, గాలిని పట్టుకుంటుంది, పిండిని చేత్తో పట్టుకుని ఆకారం చేసుకునేంత గట్టిగా చేస్తుంది.

రాసుకునేవాళ్ళు రాసుకోండి. బియ్యప్పిండి 200 గ్రాములు, జొన్నపిండి 100 గ్రాములు, సగ్గుబియ్యం తీసే కర్రపెండలం స్టార్చ్ ఉంటుంది కదా, టాపియోకా స్టార్చ్ అంటారు, అది 100 గ్రాములు. ఇసబ్గోల్ పొట్టు 25 గ్రాములు. నీళ్ళు 420 గ్రాములు, అవును నీళ్ళు కూడా తూకం వేయండి. ఈస్ట్ 7 గ్రాములు, పంచదార ఒక టేబుల్ స్పూన్, ఉప్పు 8 గ్రాములు, నూనె రెండు టేబుల్ స్పూన్లు, వెనిగర్ ఒక టీస్పూన్. కప్పులతో కొలవద్దండి బ్రెడ్‌కి, ఒక్కో పిండి ఒక్కో బరువుంటుంది, బియ్యప్పిండి కప్పూ స్టార్చ్ కప్పూ ఒకటి కావు, తూకం మెషీన్ ఒకటి కొనుక్కుంటే చాలా ఏడుపులు తగ్గుతాయి. ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఇసబ్గోల్ వేసి గిలక్కొట్టి పది నిమిషాలు వదిలేయాలి, జెల్లీ అవుతుంది. పొడి పిండ్లు, ఈస్ట్, ఉప్పు, పంచదార అన్నీ విడిగా కలిపి ఆ జెల్లీ, నూనె, వెనిగర్ పోసి గట్టిగా కలపాలి. గంటలు గంటలు పిసకక్కర్లేదు, మనకి లాగాల్సిన గ్లూటెన్ లేదు కదా, అంతా సమానంగా కలిస్తే చాలు. తడి చేత్తో నునుపు చేసి టిన్‌లో పెట్టి ఒక్కసారే పొంగనివ్వాలి, నలభై ఐదు నిమిషాల నుంచి గంట, ఒకటిన్నర రెట్లయితే చాలు, రెండు రెట్లయ్యే దాకా ఆగితే ఓవెన్‌లో కూలిపోతుంది, మన వల బలహీనమైంది అంత బరువు మోయలేదు. తర్వాత 200 డిగ్రీల్లో గంటసేపు. లోపల వేడి 98 డిగ్రీలు రావాలి, పైన ఎర్రబడింది కదా అని తీసేస్తే మధ్యలో ముద్దగా ఉండిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పని, రెండు మూడు గంటలు కోయకుండా ఉండటం. వాసనకి అందరూ వంటగదిలోకొచ్చి నిలబడతారు. వేడి మీద కోస్తే కత్తికి బంకలా అంటుకుంటుంది, అది ఉడకలేదని కాదు, స్టార్చ్ చల్లారితే కానీ గట్టిపడదు. మర్నాటికి ఎందుకు గట్టిబడిపోతుందని చాలామంది అడుగుతారు, అదీ ఆ స్టార్చ్ వల్లే, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. కోసి ముక్కలు విడివిడిగా ఫ్రీజర్‌లో పెట్టుకోండి, కావాల్సినప్పుడు నేరుగా కాల్చుకోవడమే. కాల్చేది మాత్రం వేరే టోస్టర్‌లో. అందరి బ్రెడ్డూ కాల్చే టోస్టర్‌లో మన ముక్క పెడితే ఇంత కష్టం వృధా.

బియ్యప్పిండి కేకులు ఇసకలాగా తగుల్తాయని అంటారు, పిండి కలిపాక అరగంట నానబెట్టండి, పలుకు మెత్తబడుతుంది. అంతే దాని గురించి.

వంట ఇక చాలు, బల్ల దగ్గరికి వద్దాం. (ముద్దని చేత్తో చూసి) ఇంకా వేడిగానే ఉంది. ఈలోపు ఒక కథ చెప్తా. ప్లే-డో అందరికీ తెలుసు కదా, పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుల ముద్ద, దాంట్లో గోధుమ ఉంటుందని చాలామందికి తెలీదు, కంపెనీనే చెప్తుంది ఆ మాట. అది అసలు బొమ్మల కోసం పుట్టింది కాదు. అమెరికాలో సిన్సినాటిలో 1930ల్లో గోడ కాగితం మీద బొగ్గు మసి తుడవడానికి చేసిన పిండి ముద్ద అది. బొగ్గు పొయ్యిలు పోయాయి, మసి పోయింది, ఆ ముద్ద కొనేవాళ్ళు లేరు. అప్పుడు కే జుఫాల్ అనే నర్సరీ టీచర్, కంపెనీ నడిపే ఆయన వాళ్ళ బంధువే, ఆ తుడిచే ముద్దతో పండక్కి వేలాడదీసే బొమ్మలు చేయొచ్చని ఎక్కడో చదివి తన పిల్లలతో చేయించింది. దాన్నుంచి 1956లో బొమ్మగా అమ్మకానికి వచ్చింది. చూడండి, పండగ బొమ్మలు చేసుకోవడం నుంచే అది పుట్టింది, అందులో ఉన్నదీ వంటగది పిండే.

మరి ఇంట్లో ఉప్పుపిండి ముద్దలో మైదా తీసేసి బియ్యప్పిండి వేస్తే సరిపోతుందా? సరిపోదండి, నేను చేసి చూశా. ఆరాక పగిలిపోతుంది, ఎందుకంటే ఉప్పుపిండి పచ్చి ముద్ద, దాన్ని పట్టి ఉంచేది గ్లూటెనే. అందుకే ఇందాక నేను పొయ్యి మీద ఉడికించింది. ఉడికితే కార్న్‌ఫ్లోర్‌లో స్టార్చ్ ఉబ్బి బంక అవుతుంది, సోడాని పట్టుకుంటుంది. ఆరాక తెల్లగా, నున్నగా వస్తుంది, మైదా ముద్ద కంటే చాలా అందంగా ఉంటుంది, ఇది నా అభిమానం కొద్దీ చెప్పట్లేదు, మీరే చూస్తారు.

ఏ కాలానికి ఏది అని మా ఇంట్లో ఎలా నడుస్తుందో చెప్తా. పూలు పూసే రోజుల్లో పూలు, ఆకులు నొక్కి ఎండబెడతాం. మంచు తడి ఆరాక కోయాలి, తడిగా ఉంటే బూజు పడుతుంది. పాత న్యూస్‌పేపర్ మధ్య పరిచి పైన బరువైన పుస్తకాలు, మొదటి మూడు నాలుగు రోజులు పేపర్ మార్చాలి, ఈ మార్చడం మర్చిపోయే చాలామందివి నల్లబడతాయి. రెండు మూడు వారాలకి కాగితంలా అవుతాయి. వాటిని కార్డుల మీద అతికించడానికి బియ్యప్పిండి బంక, మూడు స్పూన్ల బియ్యప్పిండి, ఒక కప్పు చన్నీళ్ళు, ముందు చల్లగా ఉన్నప్పుడే కలిపి తర్వాత సన్నమంట మీద ఐదు నిమిషాలు తిప్పుతూ, తెల్లదనం పోయి కాస్త అద్దంలాగా మారేదాకా. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులుంటుంది. ఈ బంకని తక్కువ అనుకోకండి, చైనాలో వందల ఏళ్ళ కిందట జిగురు బియ్యం గంజిని సున్నంలో కలిపి గోడలు కట్టారు, ఆ గోడలు కొన్ని ఇంకా నిలబడి ఉన్నాయి.

వానలు పడి బయటికి పోలేని రోజుల్లో ఆ బంకతోనే కాగితపు గిన్నెలు. బెలూన్ ఊది, న్యూస్‌పేపర్ ముక్కలు బంకలో ముంచి, సగం దాకా అతికించుకుంటూ పోవాలి, ఒక పొర ఆరాక ఇంకో పొర, మూడు నాలుగు పొరలు. ఒకేసారి నాలుగూ వేస్తే లోపల ఆరక వాసనొస్తుంది. ఇది మైదా బంకతో చేసే చోట సీలియాక్ పిల్లల్ని కూర్చోబెట్టొద్దని గట్టిగా చెప్తా, చెయ్యంతా మోచేతి దాకా తడి పిండి అంటుకునే పని అది, ఎండు ముక్కలు ముట్టుకున్నట్టు కాదు. స్కూల్లో చేయిస్తుంటే టీచర్‌తో ముందే మాట్లాడి బియ్యప్పిండి డబ్బా మీరే పంపండి, మొత్తం క్లాసుకి సరిపడా పంపండి, మన పిల్లకి ఒక్కదానికే వేరే గిన్నె పెడితే ఆ ఒంటరితనం ఇంకో బాధ.

ఆకులు రాలే రోజుల్లో ఆకు ముద్రలు, ఈనెలున్న వెనక వైపు రంగు పూసి కాగితానికి నొక్కడం, దీనికి చెప్పేదేమీ లేదు, పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

చలి రోజులు నాకు అన్నిటికంటే ఇష్టం, ఇంట్లో ఓవెన్ వెలిగించి ఉంచే కాలం కాబట్టి. కమలాపళ్ళు అరసెంటీమీటరు మందాన చక్రాల్లా కోసి, బట్టతో తడి అద్ది, ఓవెన్ జాలీ మీద పరిచి 95 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలు, మధ్యలో తిప్పుతూ. వెలుతురికి ఎదురుగా పట్టుకుంటే రంగు అద్దంలా ఉంటుంది, దారం కట్టి కిటికీకి వేలాడదీయండి. ఇంకోటి దాల్చినచెక్క ముద్ద, దీంట్లో ఏ పిండీ లేదు, దాల్చినచెక్క పొడి ఒక కప్పు, ఉడికించి మెత్తగా చేసిన యాపిల్ గుజ్జు ముప్పావు కప్పు. కలిపి అరసెంటీమీటరు మందాన ఒత్తి, అచ్చులతో కోసి, దారానికి బెజ్జం పెట్టి, అదే 95 డిగ్రీల్లో రెండు గంటలు లేదా గాలికి రెండు రోజులు. ఇల్లంతా వాసన. ఇక్కడ కూడా వేళ్ళు నోట్లో పెట్టుకున్నా నాకు భయం లేదు, ఆ నిశ్చింత ఎంతో మీకు చెప్పలేను.

(సభలోంచి ఒకామె: "అక్కా, చేతులకి శానిటైజర్ రాస్తే సరిపోతుందా, ప్రతిసారీ కడగాలా?")

కడగాలమ్మా. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది, గ్లూటెన్ క్రిమి కాదు చావడానికి, అది ప్రోటీన్, అక్కడే ఉంటుంది. సబ్బూ నీళ్ళూ, గోళ్ళ కింద బ్రష్. అలాగని చర్మం మీద పడితేనే జబ్బొస్తుందని భయపడకండి, సీలియాక్‌లో నోట్లోకి పోతేనే నష్టం. కాబట్టి ఎక్కడైనా పుట్టినరోజుకి వెళ్ళినప్పుడు అక్కడ మైదా ముద్దతో ఆడుతుంటే పిల్లని లాక్కురావక్కర్లేదు, కాస్త పెద్ద పిల్లయితే ఆడనిచ్చి వెంటనే కడిగించండి. మరీ చిన్నవాళ్ళయితే, వేళ్ళు నోట్లో పెట్టుకునే వయసైతే, మీ ముద్ద మీరు తీసుకెళ్ళండి.

(ఇంకొకరు: "సోడా ముద్ద పిల్లలు మింగితే?")

మంచి ప్రశ్న అండి. గ్లూటెన్ లేదు కానీ అది తినే వస్తువు కాదు, దాంట్లో సోడియం చాలా ఎక్కువ. నాలుక తగిలితే ఉప్పగా ఉంటుంది కాబట్టి సాధారణంగా ఉమ్మేస్తారు, కానీ ముక్కలు మింగనివ్వకూడదు, ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా పెట్టాలి, ఎండిన బొమ్మలు కూడా. రెండేళ్ళ లోపు పిల్లలకి నేనైతే ఇది ఇవ్వను, ఉడికించిన బంగాళాదుంప ముద్దే ఇచ్చి ఆడుకోమంటా.

(అదే ఆయన: "ఎన్నాళ్ళుంటాయి ఈ బొమ్మలు?")

తడి తగలకపోతే ఏళ్ళు ఉంటాయి. మా పాప ఐదున్నరేళ్ళప్పుడు చేసిన నక్షత్రం ఒకటి ఇంకా ఉంది, మూల విరిగింది. చేసినప్పుడు అరసెంటీమీటరు కంటే పల్చగా ఒత్తకండి, గదిలో ఒక రోజు నుంచి రెండు రోజులు ఆరనివ్వండి, ఆరుతుండగా ఒకసారి తిప్పండి, లేకపోతే అంచులు పైకి లేస్తాయి. రంగులు పూర్తిగా ఆరాకే. తర్వాత కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టుకోవడమే. దారం బెజ్జం మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే స్ట్రాతో పెట్టేయాలి, ఆరాక పెడితే పగుల్తుంది.

(ముద్ద మీద బట్ట తీసి) ఆ, ఇప్పుడు చల్లారింది, చూడండి ఎంత మెత్తగా ఉందో. పక్క గదిలో కుళాయి ఉంది, సబ్బుంది. పిల్లలు ముందు చేతులు కడుక్కుని రండి, పెద్దవాళ్ళూ కడుక్కోండి, ఇవాళ పొద్దున మీలో చాలామంది బ్రెడ్ తినే వచ్చుంటారు. అచ్చులు ఆ ట్రేలో ఉన్నాయి, తలా ఒక ముద్ద తీసుకోండి, మిగతాది బట్ట కప్పే ఉంచండి ఎండిపోకుండా.